రూ.500 లోపు చేతికి హాయిగా ఉండే మౌస్ ఏది? మణికట్టు నొప్పితో అడుగుతున్నాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ప్రొద్దుటూరులో డీటీపీ సెంటర్‌లో పని. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా శుభలేఖలు, ఫ్లెక్సీలు, మధ్యమధ్యలో జనం తెచ్చే ఆన్‌లైన్ అప్లికేషన్లు. సెంటర్‌లో ఇచ్చిన చిన్న వైర్‌లెస్ మౌస్‌తో కొన్ని నెలలుగా కుడి మణికట్టు లాగుతోంది, సాయంత్రానికి ముంజేయి బరువెక్కుతోంది. ఓనరు కొత్తది కొనివ్వడు, సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి, రూ.500 దాటకూడదు. ఒకరు వర్టికల్ మౌస్ (చేతిని నిలువుగా ఉంచి పట్టుకునేది) కొనమంటున్నారు, ఇంకొకరు గేమింగ్ మౌస్ అంటున్నారు. "అన్నా, ఏది కొనాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. వైరు ఉన్న, పూర్తి సైజు, కుడి ఎడమ ఒకేలా ఉండే మామూలు ఆఫీసు మౌస్ కొనండి. డెల్ ఎంఎస్116, లాజిటెక్ బీ100, లాజిటెక్ ఎం90, ఈ బాపతువి. అంగడిని బట్టి, ఆఫర్‌ని బట్టి రూ.300 నుంచి 450 మధ్య దొరుకుతాయి. మౌస్ చౌకగా దొరికితే మిగిలిన డబ్బుతో ఒక గుడ్డ మౌస్ ప్యాడ్ తీసుకోండి. వర్టికల్ సంగతి ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన బడ్జెట్‌లో వచ్చే గేమింగ్ మౌస్ అసలే వద్దు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మీ నొప్పికి మౌస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆ మౌస్ టేబుల్ మీద ఎక్కడుంది, మీరు ఎంత ఎత్తులో కూర్చుంటున్నారు అన్నది మౌస్ కంపెనీ పేరు కన్నా ముఖ్యం. నేను కడపలో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. అంగడికి వచ్చే రిపేర్లు కాక కాలేజీలకు, ఫైనాన్స్ ఆఫీసులకు, ఆడిటర్ల ఆఫీసులకు మెయింటెనెన్స్ మీద తిరుగుతుంటాను. "మౌస్ బాగాలేదు, చెయ్యి నొప్పి పుడుతోంది" అని పిలిస్తే పోయి చూస్తాను కదా, చాలాసార్లు మౌస్ నిక్షేపంగా ఉంటుంది. కుర్చీయే కిందికి కుంగిపోయి ఉంటుంది.

ముందు చేయి కొలవండి

ఇది ఎవరూ చేయరు. మౌస్ కొనేటప్పుడు రంగు చూస్తారు, రేటు చూస్తారు, లైటు వెలుగుతుందా అని చూస్తారు. చెప్పులు కొనేటప్పుడు మాత్రం సైజు అడుగుతారు!

స్కేలు తీసుకుని, మణికట్టు దగ్గర అడ్డంగా ఉన్న గీత నుంచి మధ్యవేలి చివర దాకా కొలవండి. స్థూలంగా 17 సెంటీమీటర్ల లోపు వస్తే చిన్న చేయి, 17 నుంచి 19 దాకా మధ్యరకం, ఆపైన పెద్ద చేయి. దీన్ని మౌస్ పొడవుతో పోల్చాలి. నేను చెప్పిన పూర్తి సైజు మౌస్‌లు 11 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాయి. లాజిటెక్ బీ170, ఎం185 లాంటి వైర్‌లెస్‌వి 10 సెంటీమీటర్లు. ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకోవడానికని అమ్మే బుల్లి మౌస్‌లు ఇంకా తక్కువ.

బుల్లి మౌస్ పట్టుకున్నప్పుడు మీ చేతిని మీరే ఒకసారి గమనించండి. అరచేతికి ఆనడానికి ఏమీ ఉండదు. బొటనవేలు, చిటికెనవేలు రెండు పక్కల నుంచి మౌస్‌ను గిల్లి పట్టుకుంటాయి. చూపుడువేలు, మధ్యవేలు వంగి గాల్లో లేచి ఉంటాయి, ఎక్కడ క్లిక్ పడుతుందో అని. మణికట్టు టేబుల్ మీద నొక్కుకుపోయి ఉంటుంది. కర్సర్ ఎటు కదపాలన్నా ఆ మణికట్టే ఇరుసులా అటూ ఇటూ తిరగాలి. పది గంటలు అలా తిరిగితే సాయంత్రానికి లాగక ఏం చేస్తుంది?

పూర్తి సైజు మౌస్ అయితే దాని వీపు అరచేతికి ఆనుతుంది. వేళ్లు సాగి బటన్ల మీద వాలి ఉంటాయి. గిల్లి పట్టుకోవాల్సిన పని ఉండదు, చేయి బరువుకే మౌస్ కదులుతుంది. కదలిక మణికట్టు నుంచి కాక మోచేతి నుంచి వస్తుంది. మోచేతిని కదిపే కండరాలు పెద్దవి, అంత త్వరగా అలసిపోవు.

అయితే పెద్దదే మంచిదని అందరికీ చెప్పను. చేయి 16, 16.5 సెంటీమీటర్లే ఉన్నవాళ్లకు 11 సెంటీమీటర్ల మౌస్ ఇస్తే వేళ్లు సాచి సాచి అందుకోవాలి, అదో నొప్పి. వాళ్లకు బీ170 సైజు సరిపోతుంది. ఆడవాళ్లందరి చేతులూ చిన్నవని అనుకుని చిన్న మౌస్ చేతిలో పెట్టే అంగడివాళ్లు ఉన్నారు. కొలవకుండా ఒప్పుకోవద్దు.

అంగడిలో చూడాల్సినవి

ఈ ఒక్క వస్తువు ఆన్‌లైన్‌లో కాకుండా అంగడికి పోయి కొనండి. యాభై రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు. ప్యాకెట్ విప్పి చూపించమనండి. డెమో పీస్ ఉంటే అదే చాలు.

కళ్లు మూసుకుని మౌస్ మీద చేయి వాల్చండి. చిటికెనవేలు ఎక్కడుందో చూసుకోండి. అది మౌస్ పక్కన సరిగ్గా ఆనాలి. టేబుల్ మీద రాసుకుంటూ ఉంటే ఆ మౌస్ మీకు ఇరుకు. తర్వాత ఎడమ బటన్‌ను కొసన కాకుండా కాస్త వెనగ్గా, చక్రానికి సమానంగా నొక్కండి. అక్కడా తేలిగ్గా క్లిక్ పడితే మంచి మౌస్. కొసన మాత్రమే పడుతుంటే వేలు ఎప్పుడూ ముందుకు సాచి ఉంచాలి. చక్రాన్ని మెల్లగా తిప్పండి, మెట్టు మెట్టుగా తెలియాలి. చక్రాన్ని నొక్కడానికి గట్టిగా అదమాల్సి వస్తే వద్దు, కోరల్ డ్రా, ఫోటోషాప్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో పనిచేసేవాళ్లకు చక్రంతో పని చాలా ఉంటుంది.

పైన రబ్బరు పూత ఉందేమో చూడండి. చేతికి మెత్తగా, మఖమల్‌లా తగులుతుంది, కొనేటప్పుడు బాగుంటుంది. మన ఎండలకు, చెమటకు ఆ పూత మెత్తబడి ఒకటి రెండు వేసవులకే జిగురు పట్టినట్టు అవుతుంది. తుడిచినా పోదు, ఆ జిగటకు మట్టి అంటుకుంటుంది. అలాంటివి నా దగ్గరికి చాలానే వస్తాయి, లోపల మౌస్ బాగానే ఉంటుంది, ముట్టుకోబుద్ధి కాదు. కొంచెం గరుకుగా ఉన్న మామూలు ప్లాస్టిక్ మేలు. ఏసీ లేని గదిలో, మే నెలలో, ఫ్యాన్ గాలికి చెమట ఆరని చేతితో పనిచేసేవాళ్లకు నున్నటి, మెరిసే ప్లాస్టిక్ కూడా జారుతుంది.

బిల్లు తీసుకోండి. ఈ మోడళ్లలో కొన్నిటికి ఏడాది, కొన్నిటికి మూడేళ్లు వారంటీ ఉంటుంది, పెట్టె మీద రాసి ఉంటుంది. పెద్ద కంపెనీ పేరుతో రూ.120కి ఇస్తామంటే అది ఆ కంపెనీది కాదని మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

గేమింగ్, వర్టికల్ ఎందుకు వద్దన్నానంటే

ఐదు వందల లోపు వచ్చే గేమింగ్ మౌస్‌లో గేమింగ్ అంటే లైట్లే. అసలైన గేమింగ్ మౌస్‌లు తేలిగ్గా, బాగా ఉంటాయి, వాటి రేటు వేరు. ఈ చౌకవి బరువుగా, వెడల్పుగా ఉంటాయి. బొటనవేలి దగ్గర రెండు బటన్లు, పట్టు మార్చినప్పుడల్లా అవి నొక్కుకుని బ్రౌజర్ వెనక్కి పోతుంది. సగం నింపిన అప్లికేషన్ పోతే మీ ముందు నిలబడిన మనిషి ఊరుకోడు.

పెట్టె మీద 3200 డీపీఐ, 6400 డీపీఐ అని గొప్పగా రాస్తారు. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని చుక్కలు లెక్కపెడుతుందో ఆ అంకె. మీ మానిటర్ అడ్డంగా 1920 చుక్కలనుకుందాం. 1000 డీపీఐ మౌస్ అయితే ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి సుమారు రెండు అంగుళాలు కదపాలి. చేతికి అది సుఖమైన దూరం. అదే 3200 అయితే అర అంగుళం పైచిలుకు చాలు. వినడానికి బాగుంది కదా? కానీ శుభలేఖలో పేరును సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాలంటే వెంట్రుకవాసి కదపాలి. అందుకోసం వేళ్లన్నీ బిగబట్టాలి. బిగబట్టడమే నొప్పి. 800 నుంచి 1600 మధ్య ఏదైనా మీకు చాలు. చౌక ఆఫీసు మౌస్‌లు ఎలాగూ 1000 దగ్గరే ఉంటాయి.

వర్టికల్ మౌస్ చెడ్డదేమీ కాదు. చేయి కలిపేటప్పుడు ఎలా నిలువుగా ఉంటుందో అలా పట్టుకుంటాం కాబట్టి ముంజేయి మెలిక తగ్గుతుంది. కొందరికి నిజంగా బాగా పనిచేసింది. నాకు తెలిసిన ఒక అకౌంటెంట్ గారు మళ్లీ మామూలు మౌస్ ముట్టలేదు. కానీ మూడు చిక్కులున్నాయి. మంచివి మీ బడ్జెట్‌కు చాలా దూరం, వెయ్యి లోపు దొరికేవి ఎక్కువగా ఒకే పెద్ద సైజులో వస్తాయి, చిన్న చేతికి బొటనవేలు అందదు. క్లిక్ చేసినప్పుడు మౌస్ పక్కకు జరుగుతుంది కాబట్టి సన్నపని చేసేవాళ్లకు అలవాటు కావడానికి టైం పడుతుంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఆ ప్రయోగం వద్దు. పైగా చాలావరకు కుడిచేతికి మాత్రమే చేస్తారు. చేతులు మార్చుకోవడం గురించి కింద రాస్తాను, ఆ అవకాశం పోతుంది. ట్రాక్‌బాల్ (మౌస్‌ను కదపకుండా దాని మీది బంతిని వేళ్లతో తిప్పే రకం) గురించి ఎవరైనా చెప్తే వినండి, రేటు విని వదిలేయండి.

వైరా, వైర్‌లెస్సా

మీ పనికి వైరే. బ్యాటరీ సెల్ మార్చే పని లేదు, దాని బరువు లేదు. డబుల్ ఏ సెల్ ఒకటే 23 గ్రాముల దాకా ఉంటుంది, ఆ చిన్న మౌస్‌లో అది చిన్న వాటా కాదు.

డీటీపీ సెంటర్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. జనం పెన్‌డ్రైవ్‌లు తెస్తారు. సీపీయూకు ముందున్న నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెన్‌డ్రైవ్ పెడతారు, దాని పక్కనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ (యూఎస్‌బీకి గుచ్చే బుల్లి ముక్క) ఉంటుంది. ఫైలు కాపీ అవుతున్నంతసేపూ కర్సర్ ఆగి ఆగి కదులుతుంది. మౌస్ పోయిందనుకుని గట్టిగా నొక్కుతూ, విదిలిస్తూ ఉంటారు. నిజానికి యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు వచ్చే రేడియో రొద, వైర్‌లెస్ మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కు అడ్డం పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. మీరు వాడుతున్న వైర్‌లెస్ మౌస్ కూడా ఇలా చేస్తుంటే రిసీవర్‌ను వెనకాల ఉన్న నలుపు పోర్టుకు మార్చండి, లేదా చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్ దగ్గరికి తెచ్చి పెట్టండి. కొంత చిరాకు తగ్గుతుంది.

వైరు మౌస్‌కు ఉండే ఒకే ఒక్క ఇబ్బంది వైరు. అది టేబుల్ వెనక సందులో పడి, మానిటర్ స్టాండ్‌కు తట్టుకుని, కదిపినప్పుడల్లా మౌస్‌ను వెనక్కి గుంజుతుంది. మనకు తెలియకుండానే ప్రతి కదలికలోనూ ఆ గుంజుడుతో పోట్లాడుతుంటాం. మౌస్ దగ్గర ఒక జానెడు వైరు వదులుగా వదిలి, ఆ వెనక టేబుల్‌కు టేప్ వేసి అంటించేయండి. ఇంత చిన్న పనికి అంత తేడానా అని మీరే ఆశ్చర్యపోతారు.

అసలు సంగతి: మౌస్ ఎక్కడుంది?

ఇప్పుడు మీ కీబోర్డు చూడండి. అక్షరాల భాగానికి కుడిపక్కన బాణం కీలు, ఆ పక్కన నంబర్ ప్యాడ్. ఆ రెండూ కలిపి 15 సెంటీమీటర్ల దాకా చోటు తింటాయి. ఆ తర్వాత మౌస్. సెంటర్‌లో అయితే మధ్యలో రసీదు పుస్తకం, కస్టమర్ ఇచ్చిన ఆధార్ జిరాక్సులు, టీ గ్లాసు కూడా ఉంటాయి. చేయి పక్కకు చాచి, భుజం పైకెత్తి, మౌస్‌ను అందుకోవాలి. అలా గంటలకొద్దీ చేతిని గాల్లో నిలబెట్టేది భుజం. అక్కడ మొదలైన బిగువే ముంజేతిలోకి దిగుతుంది.

అనంతపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఒకాయనకు ఇదే బాధ. మౌస్ రెండుసార్లు మార్చారు. పోయి చూస్తే కీబోర్డుకూ మౌస్‌కూ మధ్య ఫైళ్ల దొంతర! ఫైళ్లు ఎడమపక్కకు మార్చి, మౌస్‌ను కీబోర్డుకు ఆనించి పెట్టించాను. కొన్ని వారాలకు భుజం నొప్పి చాలావరకు తగ్గిందన్నారు. పాత మౌసే ఇప్పటికీ వాడుతున్నారు.

మీరు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైప్ చేసేటప్పుడు నంబర్ ప్యాడ్ పెద్దగా వాడరు. కాబట్టి కీబోర్డును కాస్త ఎడమకు జరపండి. అప్పుడు కుడివైపు చోటు దొరికి మౌస్ దగ్గరికి వస్తుంది. పై చేయి పక్కటెముకలకు ఆనుకుని వేలాడుతూ, మోచేయి నుంచి ముంజేయి మాత్రమే ముందుకు వస్తే అది సరైన చోటు.

ఎత్తు సంగతి. మామూలు టేబుళ్లు 30 అంగుళాల ఎత్తు ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే భాగం దానికి తగ్గ ఎత్తు ఉండదు. మోచేయి టేబుల్ కన్నా కిందికి పోతుంది. అప్పుడు మణికట్టు పైకి విరిగినట్టు వంగి ఉంటుంది, మౌస్ మీద చేయి పైకెక్కి కూర్చున్నట్టుగా. ఇలా వంగినప్పుడు మణికట్టులోంచి పోయే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. కుర్చీ మీద ఒక దిండో, మడత పెట్టిన బొంతో వేసుకుని మోచేయి టేబుల్ ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. కాళ్లు అందకపోతే కింద పాత సీపీయూ డబ్బా పెట్టుకోండి, ఏ డీటీపీ సెంటర్‌లోనైనా అలాంటిది ఒకటి మూలన ఉంటుంది. కుర్చీ ముందుకు లాక్కుని ముంజేయి సగం టేబుల్ మీద ఆనేలా చూసుకోండి.

టేబుల్ అంచు కూడా చూడండి. మన వైపు చాలా సెంటర్లలో చెక్క టేబుల్ బదులు గోడకు కడప బండ దించి కౌంటర్ కట్టేస్తారు. గట్టిగా ఉంటుంది, చెద పట్టదు, తడి తగిలినా ఏమీ కాదు. కానీ అంచు పదునుగా ఉంటుంది, మణికట్టు కింద రోజంతా అదే గుచ్చుకుంటుంది. ముంజేతి మీద ఎర్రటి గీత పడుతుంటే అదే దొంగ. పాత టవల్ మడిచి అంచు మీద పరచి టేప్ వేయండి.

జెల్ దిండు ఉన్న మౌస్ ప్యాడ్ కొననా అని కూడా అడుగుతారు చాలామంది. నాకు దాని మీద మంచి అభిప్రాయం లేదు. క్లిక్ చేయకుండా చేయి ఊరికే ఉన్నప్పుడు ఆనించుకుంటే పర్వాలేదు. మౌస్ కదుపుతూ మణికట్టును దానికి అదిమి పెడితే ఆ నరం ఉన్నచోటే నొక్కినట్టవుతుంది. చదునుగా, కాస్త పెద్దగా ఉండే గుడ్డ ప్యాడ్ రూ.100 నుంచి 150కి దొరుకుతుంది, అది చాలు.

ప్యాడ్ కావాలనడానికి ఇంకో కారణం కూడా ఆ బండే. ఆప్టికల్ మౌస్ కింద చిన్న కెమెరా ఉంటుంది. ఎర్ర లైటు వేసి కింది తలాన్ని సెకనుకు వందలు, వేలసార్లు ఫోటో తీసి, ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ తేడా చూసి ఎటు కదిలిందో లెక్కగడుతుంది. తలానికి గరుకు, నూగు ఉంటేనే దానికి తేడా తెలుస్తుంది. అద్దంలా పాలిష్ పట్టిన నల్ల బండ మీద ఆ కెమెరాకు ఏమీ కనబడదు, కర్సర్ గెంతుతుంది. ఎర్రగుంట్ల వైపు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో, ఓనరు గారు తమ సరుకులోనే మంచి పలక ఏరి టేబుల్ వేయించుకున్నారు. ఏ మౌస్ పెట్టినా గెంతడమే! మంచి మౌస్ ఇమ్మని నన్ను పిలిచారు. కింద గుడ్డ ప్యాడ్ వేసి వచ్చాను. గాజు టేబుల్‌దీ ఇదే కథ.

సెట్టింగుల్లో చేసుకోగలిగినవి

విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ అని వెతికితే కర్సర్ వేగం మార్చుకునే పట్టీ వస్తుంది. స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి మౌస్‌ను ఎత్తి మళ్లీ పెట్టాల్సి వస్తుంటే వేగం పెంచండి. చిన్న బటన్ మీద ఆగలేక దాటిపోతుంటే తగ్గించండి. అంతే లెక్క.

డీటీపీలో చేతిని చంపేది క్లిక్ కాదు, డ్రాగ్. బటన్ నొక్కి పట్టుకుని లాగుతూ ఉండటం. ఫోటోను, అక్షరాల పెట్టెను సుమారుగా చోటుకు చేర్చి వదిలేయండి. సన్నపు సర్దుబాటు బాణం కీలతో చేయండి. పేజ్‌మేకర్‌లో, కోరల్ డ్రాలో, ఫోటోషాప్ మూవ్ టూల్‌లో బాణం కీలు పనిచేస్తాయి. ఫోటోషాప్‌లో షిఫ్ట్ పట్టుకుంటే నొక్కిన ప్రతిసారీ పది పిక్సెళ్లు జరుగుతుంది. మౌస్‌తో లాగినదానికన్నా కచ్చితంగా కూర్చుంటుంది కూడా. విండోస్ పాత కంట్రోల్ ప్యానెల్‌లోని మౌస్ పేజీలో క్లిక్‌లాక్ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే బటన్‌ను కాసేపు నొక్కి వదిలితే చాలు, పట్టుకోకుండానే డ్రాగ్ చేయొచ్చు.

ఆన్‌లైన్ అప్లికేషన్లలో గడి గడికీ మౌస్ పట్టుకోవద్దు. ట్యాబ్ కొడితే తర్వాతి గడి, షిఫ్ట్ ట్యాబ్ కొడితే వెనక్కి. టిక్ పెట్టాలంటే స్పేస్. జిల్లా పేరు ఎంచుకునే జాబితాలో మొదటి అక్షరాలు కొడితే చాలావరకు అదే దొరుకుతుంది. కొన్ని సైట్లు దీనికి లొంగవు, ఏం చేస్తాం.

చేతులు మార్చడం గురించి. నేను చెప్పిన మౌస్‌లు రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి ఎడమచేత్తోనూ వాడొచ్చు. అప్లికేషన్లు నింపడం, మెయిల్ చూడటం, వాట్సాప్ నుంచి ఫోటోలు దించడం లాంటి మోటుపని ఎడమచేత్తో, డిజైన్ కుడిచేత్తో. బటన్లు తారుమారు చేసే సెట్టింగు ఉంది కానీ దాన్ని ముట్టుకోకపోతేనే మంచిది, ఒకే కంప్యూటర్ మీద ఇంకొకరు కూర్చుంటే గందరగోళం. మధ్యవేలితో ఎడమ క్లిక్ చేయడం అలవాటు చేసుకోండి. మొదట్లో చిరాకేస్తుంది, వారం పది రోజుల్లో చేయి దారికి వస్తుంది.

మౌస్ పాతబడితే ఆగకండి

బటన్ కింద చిన్న మైక్రో స్విచ్ ఉంటుంది, అందులో గోరంత రాగిరేకు. నొక్కినప్పుడు అది వంగి కింది బిందువును తాకుతుంది. వాడి వాడి ఆ బిందువు అరిగి, నల్లబడి, తాకీ తాకనట్టు అవుతుంది. ఒక క్లిక్ కొడితే రెండు పడటం, డ్రాగ్ చేస్తుంటే మధ్యలో బొమ్మ జారిపోవడం దీనివల్లే. మనిషికి మాత్రం తన వేలే జారిందనిపిస్తుంది. ఇంకా గట్టిగా నొక్కుతాడు. రోజూ ఇంకాస్త గట్టిగా. చెయ్యి నొప్పి అని వచ్చినవాళ్ల మౌస్ విప్పితే ఇలా స్విచ్ పోయినవి చాలా చూశాను.

మీ సెంటర్ మౌస్‌కు ఈ పరీక్ష చేయండి: డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌ను పట్టుకుని నెమ్మదిగా స్క్రీన్ అంతా తిప్పండి. వదలకుండానే పడిపోతే స్విచ్ పోయింది. టంకం వేయడం తెలిసినవాళ్లు స్విచ్ మార్చేస్తారు, విడిభాగం కొన్ని పదుల రూపాయలే. కానీ రెండు వందల రూపాయల మౌస్‌కు కూలి ఇచ్చి అది చేయించడం దండగ, కొత్తది కొనడమే నయం.

అడుగున ఉండే నున్నటి ముక్కలకు చెమట, దుమ్ము కలిసి నల్లటి మడ్డి కడుతుంది. మౌస్ బరువుగా, ఈడుస్తున్నట్టు అనిపిస్తే తిరగేసి చూడండి. గోటితో గీకితే పొరలాగా వస్తుంది. కెమెరా రంధ్రంలో వెంట్రుక చిక్కుకుంటే కర్సర్ వణుకుతుంది, దూది చుట్టిన ఇయర్‌బడ్‌తో తీసేయండి.

ఇక డాక్టర్ మాట

నేను మెకానిక్‌ని, వైద్యం చెప్పను. కానీ ఒక్కటి మాత్రం గమనించుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రి నిద్రలో సూదులు గుచ్చినట్టై మెలకువ వచ్చి చేయి విదిలించుకుంటున్నారా? గ్లాసు పట్టుకుంటే జారుతోందా? అలా ఉంటే మణికట్టులో నరం నొక్కుకుంటూ ఉండొచ్చు, దాన్ని కార్పల్ టన్నెల్ అంటారు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు అది మౌస్ ముట్టకపోయినా రావచ్చు. కాబట్టి మౌస్ మార్చి నెలలు ఎదురుచూడకుండా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. ప్రొద్దుటూరులోనే జిల్లా ఆసుపత్రి ఉంది, కడపకు వస్తే రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మీరు రాసినదాంట్లో తిమ్మిరి గురించి లేదు, లాగడం, బరువెక్కడం మాత్రమే ఉన్నాయి. అందుకే పైనవన్నీ ముందు చేయమంటున్నాను.

ఈరోజే అయ్యే పని: కీబోర్డు ఎడమకు జరపడం, కుర్చీ మీద దిండు వేయడం. రెండిటికీ రూపాయి ఖర్చు లేదు. ఓ వారం చూసి, ఆదివారం అంగడికి పొండి. చేయి కొలత, టేబుల్ ఎత్తు, అక్కడ దొరికిన మోడళ్ల పేర్లు ఇక్కడే కింద రాయండి చెల్లెమ్మా, కొలత 17 లోపు వస్తే నేను చెప్పిన మోడల్ మార్చాల్సి రావచ్చు.